నేల విడిచిన చుట్టాలు

నౌపడ స్టేషన్ దాటి తీరం వైపు మళ్లితే ముందుగా కనిపించేది సముద్రం కాదు, ఉప్పు. రోడ్డుకి అటూ ఇటూ మడులు, గట్ల మీద తెల్లటి కుప్పలు, వానకి కరగకుండా వాటి మీద కప్పిన తాటాకులు. పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు 1900లో ఈ నౌపడ నుంచే బయల్దేరింది. పక్కనే ఉన్న తేలినీలాపురంలో ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. వాటిని చూడ్డానికి టెక్కలి దాకా వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడి నుంచి ఇంకాస్త ముందుకి, మూలపేట దాకా వచ్చి నీళ్లలోకి చూసేవాళ్లు తక్కువ.

"పోర్టు పనా బాబూ?" అని టెక్కలిలోనే అడిగాడు ఆటో అతను. ఇప్పుడు మూలపేట అంటే పోర్టే. భావనపాడు పేరుతో ఏళ్ల తరబడి కాగితాల మీదున్న రేవు చివరికి మూలపేట, విష్ణుచక్రం గ్రామాల దగ్గరికి మారి, 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరుపుకుంది. మొదటి దశలో నాలుగు బెర్తులు, ఏడాదికి 2.35 కోట్ల టన్నుల సరుకు, 4,300 కోట్ల రూపాయలు దాటిన ఖర్చు. పోర్టు పని కాదు, దాని ఎదురుగా సముద్రంలో ఉండే జంతువుల గురించి వచ్చానన్నాను. "సేపలా?" అన్నాడు. చేపలు కావు, పిల్లల్ని కని పాలిచ్చేవి అన్నాను. అతను అద్దంలోంచి నా ముఖం చూసి, "ఆ మేగవరం తిమింగలం నాంటివా?" అని అడిగాడు.

అలాంటివే. 2023 జులై చివర్లో, శంకుస్థాపన జరిగి మూడు నెలలు గడిచాయో లేదో, ఇదే సంతబొమ్మాళి మండలంలోని మేఘవరం తీరానికి ఒక తిమింగలం కొట్టుకొచ్చింది. 25 అడుగుల పొడవు, అయిదు టన్నుల దాకా బరువు, నీలి తిమింగలం అని పత్రికలు రాశాయి. చుట్టుపక్కల ఊళ్లన్నీ తరలివచ్చాయి. వార్తలు దాని పరిమాణం చుట్టూనే తిరిగాయి. నన్ను పట్టి ఆపింది కూడా ఆ కొలతే, కానీ మరో కారణంతో. ఎదిగిన నీలి తిమింగలం 80, 90 అడుగులుంటుంది. దాని పిల్ల పుట్టిన రోజునే సుమారు 23 అడుగులుంటుంది. అంటే పత్రికలు రాసిన జాతి నిజమైతే మేఘవరం ఇసుకలో పడి ఉన్నది ఇంకా తల్లిపాలు మరవని పిల్ల. ఒకవేళ అది బ్రైడ్స్ తిమింగలం లాంటి మరో జాతిదైనా ఎదగనిదే. నీలి తిమింగలం పిల్ల రోజుకి 200 లీటర్ల దాకా పాలు తాగుతుంది, రోజుకి 90 కిలోల దాకా బరువు పెరుగుతుంది. ఎంత పెద్దదో అని చూశాం తప్ప ఎంత పసిదో అని చూడలేదు.

జీడితోటలు, కొబ్బరితోటలు, ఆ తరవాత సరుగుళ్లు దాటితే తీరం. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో ఈ తోటల్ని నేలమట్టం చేసింది. తిరిగి నాటిన కొబ్బరి ఇంకా పూర్తి ఎత్తుకి రాలేదు. పోర్టు వైపు నుంచి రాళ్ల లారీలు వరసగా పోతున్నాయి. సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాళ్ల గోడకి ఇవతల, ఇసుక మీద ఫైబర్ బోట్లు. ఒక బోటు నీడన ముసలాయన ఒకరు వల బాగుచేసుకుంటున్నాడు. తాతా, ఇక్కడ డాల్ఫిన్లు కనిపిస్తాయా అని అడిగాను.

"ఎందుకగుపడవు బాబూ? కవళ్ల గుంపెనకాల అవే వొస్తాయి. అవి ఎగిరినకాడికి మావు ఎల్తాం." కాసేపాగి, "వల్లో పడితే మాత్రం మాకూ నష్టమే, దానికీ నష్టమే. సేపైతే వల్లో పడ్డా కొంతసేపు బతుకుతాది. ఇది బతకదు. దానికి మొప్పల్నేవు గదా. మనలాగే పైకొచ్చి గాలి పీల్చుకోవాల."

మొప్పలు లేవు. ఈ జంతువుల కథంతా ఆయన ఆ ముక్కలోనే చెప్పేశాడు. సముద్రంలో పుట్టి, సముద్రంలో పెరిగి, ఒక్కసారి కూడా నేల తొక్కని ప్రాణి నీళ్లలో ఊపిరాడక చచ్చిపోతుంది. ఎందుకంటే దాని పూర్వీకులు నేల మీద నడిచారు, ఊపిరితిత్తులు ఆ నాటివి. చేపకి తోక నిలువుగా ఉంటుంది, పక్కలకి ఊపి ఈదుతుంది. డాల్ఫిన్ తోక అడ్డంగా ఉంటుంది, కిందికీ పైకీ కొట్టి ఈదుతుంది. పరిగెత్తే కుక్క నడుము ఎలా వంగి లేస్తుందో గమనించండి. ఆ కదలికే సముద్రంలోకి వెళ్లింది, కాళ్లు మాత్రం పోయాయి. తల్లి గర్భంలో ఉన్న డాల్ఫిన్ పిండానికి కొన్ని వారాలపాటు వెనక కాళ్ల మొలకలు కనిపించి, తరవాత కరిగిపోతాయి. పళ్లు లేని తిమింగలాల పిండాల్లోనూ పళ్ల మొగ్గలు పుట్టి మాయమవుతాయి.

ఆ నడిచిన పూర్వీకులు ఎక్కడివాళ్లు? మన ఉపఖండం వాళ్లే. భారత భూభాగం ఉత్తరానికి జరిగి ఆసియాను తాకుతున్న కాలంలో, సుమారు అయిదు కోట్ల ఏళ్ల కిందట, రెంటికీ మధ్య ఇరుకైపోతున్న టెథిస్ సముద్రం ఒడ్డున ఇదంతా జరిగింది. పాకిస్తాన్‌లో దొరికిన పాకిసీటస్‌కి 1981లో పేరుపెట్టారు. తోడేలంత జంతువు, నాలుగు కాళ్లు. నడవగల, ఈదగల ఆంబులోసీటస్ 1994లో వెలుగులోకి వచ్చింది. కచ్‌లో దొరికిన కచ్చిసీటస్‌ని సునీల్ బాజ్‌పాయ్, హాన్స్ తెవిస్సెన్ 2000లో లోకానికి చెప్పారు. వీటన్నిటికంటే నాకు దగ్గరగా అనిపించేది మాత్రం ఎ. రంగారావు కథ.

ఆయన భూవిజ్ఞాని. జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర ఎముకలున్న రాళ్లు సేకరించి, అందులోని ఒక చిన్న గిట్టల జంతువుకి 1971లో ఇండోహయస్ అని పేరుపెట్టారు. తెచ్చిన రాళ్లలో చాలావాటిని విప్పి చూడకుండానే కన్నుమూశారు. డెహ్రాడూన్ ఇంట్లో ఆయన భార్య ఫ్రీడ్‌లిండె ఓబర్గ్‌ఫెల్ ఆ రాళ్లను ఏళ్ల తరబడి కాపాడి, చివరికి తెవిస్సెన్ చేతికి అప్పగించింది. ప్రయోగశాలలో ఒక పుర్రెని రాయి నుంచి వేరుచేస్తుంటే చెవి దగ్గరి ఎముక విరిగింది. విరిగిన చోట ఆ ఎముక గోడ లోపలి వైపు బాగా మందంగా ఉంది. అంత మందం అప్పటిదాకా తిమింగలాల జాతిలోనే చూశారు. పిల్లి కంటే కాస్త పెద్దదైన, ఆకులు తినే, వాగుల్లో దిగి నడిచే 4.8 కోట్ల ఏళ్ల నాటి ఆ గిట్టల జంతువు, తిమింగలాలకి నేల మీద దగ్గర చుట్టం. 2007 డిసెంబరులో నేచర్ పత్రిక ఆ సంగతి ప్రచురించింది. ఇవాళ బతికున్న వాటిలోనైతే తిమింగలానికి దగ్గరి బంధువు నీటిగుర్రం.

అన్నిటికంటే ముందు మారింది చెవి. కాళ్లు పోకముందే, తోక రాకముందే, నీళ్లలో వినడం మొదలైంది. ఈ మాట పోర్టు దగ్గరికి వచ్చాక మళ్లీ అవసరమవుతుంది.

ఈ కథ చెబుతూ కచ్ పేరెత్తగానే తాత తలెత్తాడు. "గుజరాతా? మా వోళ్లు సగం అక్కడే ఉన్నారు." నిజమే. ఈ తీరం నుంచి ఏటా వందల కుర్రాళ్లు వెరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. 2018 చివర్లో అలా వేటకెళ్లి పాకిస్తాన్ వాళ్లకి చిక్కి, 2020 జనవరిలో విడుదలై వచ్చినవాళ్లలో శ్రీకాకుళం జిల్లా వాళ్లున్నారు. వాళ్లు వలలు వేసే సముద్రానికి ఉత్తరాన, కచ్ ఎండు నేలలో, తిమింగలాల తొలి తరాల ఎముకలున్నాయి. 1970ల్లో అశోక్ సాహ్ని బృందం వాటిని వెలికితీసినప్పటి నుంచి ఆ నేల ఇస్తూనే ఉంది. సముద్రపు ఆవుల ఎముకలు కూడా అక్కడ దొరికాయి, ఒకటి కాదు, అనేక జాతులవి.

సముద్రపు ఆవు కథ వేరు. నేల విడిచి సముద్రంలోకి పోవడం ఒక్కసారే జరగలేదు. గిట్టల జంతువుల నుంచి తిమింగలాలు, డాల్ఫిన్లు వచ్చాయి. ఏనుగు బంధువుల నుంచి సముద్రపు ఆవులు వచ్చాయి. జమైకాలో దొరికిన వాటి తొలి బంధువు పెజోసైరెన్‌కి నాలుగు కాళ్లూ పూర్తిగా ఉన్నాయని 2001లో తేల్చారు. మాంసాహారుల నుంచి సీళ్లు, వాల్రస్‌లు వచ్చాయి, అవి ఇప్పటికీ పిల్లల్ని కనడానికి ఒడ్డుకో మంచు మీదికో ఎక్కుతాయి. సముద్రపు నీటికుక్క, ధ్రువపు ఎలుగు ఇంకా దారిలోనే ఉన్నాయనుకోవచ్చు. అన్నీ కలిపి సుమారు 130 జాతులు. వాటిలో 90కి పైగా తిమింగలాల కుటుంబానివే. సముద్రపు ఆవులు నాలుగే మిగిలాయి. అయిదోది, ఉత్తర పసిఫిక్‌లో ఉండే స్టెల్లర్ ఆవు, 1741లో శాస్త్రజ్ఞుల కంటపడి, 1768 కల్లా వేటకి అంతరించిపోయింది. 27 ఏళ్లు. మన దేశంలో డ్యూగాంగ్ ఇప్పుడు పాక్ జలసంధి, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, అండమాన్లలో మాత్రమే బతుకుతోంది. బంగాళాఖాతంలో సీళ్లు లేవు. కాబట్టి మూలపేట ఎదుట ఉన్నవి మొదటి కుటుంబం వాళ్లే: గిరికీలు కొట్టే స్పిన్నర్ డాల్ఫిన్, ఒడ్డుకి దగ్గరగా తిరిగే మూపురం డాల్ఫిన్, సీసా ముక్కు డాల్ఫిన్, వీపు మీద రెక్క లేని పోర్పాయిస్, లోతు నీళ్లలో తిమింగలాలు.

ఈ కుటుంబంలో రెండు జాతుల్ని ప్రపంచానికి మొట్టమొదట చూపించింది ఈ ఉత్తరాంధ్ర తీరమే. ఆ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదో నాకు అంతుపట్టదు. 1845 నుంచి 1854 దాకా ఉత్తర సర్కారుల కమిషనరుగా ఉన్న వాల్టర్ ఎలియట్ పేరు మనవాళ్లకి అమరావతి శిల్పాల వల్ల తెలుసు. స్తూపం నుంచి తవ్వి తీయించిన పలకలు ఆయన పేరుమీదే లండన్ చేరాయి. అప్పట్లో టెక్కలి, ఈ తీరం గంజాం జిల్లాలో ఉండేవి, ఆయన ఏలుబడి కిందే. ఆయన చెక్కిన రాళ్లు పంపినట్టే చచ్చిన జంతువుల్నీ పంపాడు. చార్లెస్ డార్విన్ అడిగితే పావురాల, కోళ్ల చర్మాలు పంపాడు. డార్విన్‌కి గట్టి ప్రత్యర్థి అయిన రిచర్డ్ ఓవెన్‌కి విశాఖపట్నం డాల్ఫిన్ల నమూనాలు, బొమ్మలు పంపాడు.

1852లో విశాఖ రేవులో దొరికిన గుండ్రటి తల డాల్ఫిన్‌ని, వాల్తేరు తీరాన దొరికిన చిన్న స్పెర్మ్ తిమింగలాన్ని ఓవెన్ 1866లో కొత్త జాతులుగా వర్ణించాడు. మొదటిదాన్ని ఇప్పుడు ఇరవాడి డాల్ఫిన్ అంటున్నాం. బర్మా నది పేరు వచ్చి కూర్చుంది కానీ, శాస్త్రం దాన్ని ఎరిగింది విశాఖలో. పలాసలో రైలెక్కితే రెండు మూడు గంటల్లో బాలుగావ్. అక్కడ చిలిక సరస్సులో ఆ జాతివి 150 ప్రాంతంలో బతుకుతున్నాయి, వాటిని చూపించే పడవల మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. రెండోది తొమ్మిది అడుగులు మించని పొట్టి స్పెర్మ్ తిమింగలం. భయపడితే ఎర్రమట్టి రంగు ద్రవం వదిలి నీళ్లను మసక చేసి తప్పించుకుంటుంది. ఓవెన్ అదే వ్యాసంలో ఇంకో డాల్ఫిన్‌కి గడము అని లాటిన్ పేరులోనే మన మాట పెట్టాడు. అది తరవాత వేరే జాతిలో కలిసిపోయింది.

ఎలియట్ పేరుంది, ఓవెన్ పేరుంది. వల్లో పడిన దాన్ని ఒడ్డుకి లాగి, ఇది ఎప్పుడూ చూసేది కాదని గుర్తుపట్టి, దొరగారి బంగళాకి కబురు పంపి ఉండే జాలరి పేరు మాత్రం నాకు ఏ కాగితంలోనూ కనిపించలేదు. సముద్రంలో ఏది మామూలో ఏది కొత్తో తెలిసిన మనిషి చెబితేనే శాస్త్రజ్ఞుడి పని మొదలవుతుంది. తాతతో మాట్లాడుతుంటే నాకు ఇదే మెదిలింది. ఆయన నాకు ఒడ్డు దగ్గర తిరిగే వాటికీ లోపలికి పోతే కనిపించే వాటికీ తేడా చెప్పాడు: ఒడ్డు దగ్గరివి రెండు మూడు కలిసి నెమ్మదిగా లేస్తాయి, బూడిద రంగు, వీపు మీద గూను, లోపలివి వందలు వందలు, గాల్లో తిరుగుతాయి. పుస్తకం తిరగేసినా మూపురం డాల్ఫిన్ గురించి, స్పిన్నర్ గురించి ఇంతకన్నా స్పష్టంగా ఉండదు.

మంచినీళ్లు అడిగితే ఆయన ఇంటావిడ క్యాను నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఉద్దానం ప్రాంతంలో ఇప్పుడు అతిథికి బావి నీళ్లు ఎవరూ ఇవ్వరు. కిడ్నీ జబ్బు తగలని వీధి లేని ఊళ్లు ఇవి. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. జబ్బుకి అసలు కారణం ఏమిటన్నది పరిశోధకులు ఇప్పటికీ ఒక్క మాటగా తేల్చలేదు. ఆ గ్లాసు చేతిలో పట్టుకుని డాల్ఫిన్ మూత్రపిండం గురించి చెప్పాలా వద్దా అని తటపటాయించాను. ఆవిడే అడిగింది, మరి అవి ఏ నీళ్లు తాగుతాయని.

తాగడం దాదాపు ఉండదు. తిన్న చేపల ఒంట్లోని నీళ్లు, ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే నీళ్లు, వాటితోనే చాలావరకు సరిపెట్టుకుంటాయి. లోపలికి పోయిన ఉప్పును చిక్కటి మూత్రంగా బయటికి పంపాలి. అందుకు వాటి మూత్రపిండం మనదిలా ఒకే ముద్దగా ఉండదు. ఇక్కడి పనసకాయని కోస్తే ఒక్కో తొనకీ దాని గింజ దానికున్నట్టు, వందల చిన్న మూత్రపిండాలు ఒక్కచోట అతుక్కుని, ఒక్కోటీ విడిగా పనిచేస్తుంది. పిల్లకి ఇచ్చే పాలల్లో కూడా నీళ్లు తక్కువ, కొవ్వు ఎక్కువ. తిమింగలం పాలల్లో మూడో వంతుకి మించి కొవ్వే. పాకిసీటస్ పళ్లలోని ఆక్సిజన్‌ని పరీక్షిస్తే అది ఇంకా మంచినీళ్లే తాగిందని తేలింది. మంచినీళ్లు వదులుకుని ఉప్పునీళ్లలో బతకడం నేర్వడానికి ఈ వంశానికి లక్షల తరాలు పట్టింది. ఆవిడ విని, "మనకంత టయిం ఏదీ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

సాయంత్రం పోర్టు వైపు నడిచాను. అడ్డుగోడ కోసం పోసిన బండరాళ్ల మీద నిలబడితే సముద్రం తవ్వే యంత్రాల మోత వినిపిస్తుంది. గాల్లోనే ఇంత ఉంటే నీళ్లలో ఎంతుంటుందో ఆలోచించాలి, ఎందుకంటే శబ్దం నీళ్లలో గాల్లో కంటే నాలుగు రెట్లకి పైగా వేగంతో పోతుంది, చాలా దూరం పోతుంది. డాల్ఫిన్ కళ్లతో కాదు, చెవులతో వెతుక్కుంటుంది. చిటికెల్లాంటి శబ్దాలు పంపి, చేపకి తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని కింది దవడలోని కొవ్వు గుండా చెవికి చేర్చుకుంటుంది. నీలి తిమింగలం గొంతు మన చెవికి అందనంత మంద్రంగా ఉంటుంది, వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. పెద్ద ఓడల ఇంజన్లు, పంకాలు చేసే మోత కూడా సరిగ్గా ఆ మంద్రస్థాయిలోనే ఉంటుంది. అంటే ఓడ వెళ్తున్నంతసేపూ తల్లికీ పిల్లకీ మధ్య మాట తెగిపోయే ప్రమాదం ఉంది. కాలాకోట్ రాయి విరిగి బయటపెట్టిన ఆ చెవి కథ ఇక్కడి దాకా వచ్చింది.

పోర్టు వద్దని నేను అనను. వలస పోయే కుర్రాళ్ల తల్లుల్ని చూశాక ఆ మాట అనే హక్కు నాకు లేదనిపిస్తుంది. ఊళ్లు ఖాళీ చేసి వెళ్లేవాళ్లకి నష్టపరిహారం లెక్క ఉంది, అది చాలుతుందా లేదా అన్నది వేరే పోరాటం. నీళ్లలో ఉన్నవాటికి మాత్రం తల లెక్క కూడా లేకుండా తవ్వకం సాగడం నాకు మింగుడుపడదు. చేయగలిగిన పనులు తెలిసినవే. హాంకాంగ్‌లో విమానాశ్రయం కోసం సముద్రం పూడ్చిన చోట మూపురం డాల్ఫిన్లు ఎంతగా తగ్గిపోయాయో ఏళ్ల తరబడి లెక్కపెట్టారు కాబట్టే తెలిసింది. శ్రీలంక దక్షిణ తీరంలో నీలి తిమింగలాలు తిరిగే దారి తెలిసింది కాబట్టే 2022లో ఎంఎస్‌సీ అనే పెద్ద ఓడల కంపెనీ తన ఓడల్ని మరింత దక్షిణంగా మళ్లించింది. స్తంభాలు దిగ్గొట్టేటప్పుడు చుట్టూ గాలిబుడగల తెర కట్టి మోత తగ్గించవచ్చు. ఓడ రేవుకి దగ్గరపడేటప్పుడు వేగం తగ్గిస్తే మోతా తగ్గుతుంది, ఢీకొనే ప్రమాదమూ తగ్గుతుంది. వీటన్నిటికీ ముందు ఎక్కడ, ఏ నెలలో, ఏవి ఉన్నాయో తెలియాలి. 1972 వన్యప్రాణి చట్టం వీటిని పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో పెట్టింది. పులుల్ని లెక్కపెట్టే దేశం మనది.

తిరిగి బోట్ల దగ్గరికి వచ్చేసరికి తాత వల మడత పెట్టేశాడు. ఆయన మనవడు పక్కన కూర్చుని ఫోన్లో ఒక వీడియో చూపించాడు: బోటు ముందు ఎగురుతున్న డాల్ఫిన్లు, వెనక ఇంజను చప్పుడు, కుర్రాళ్ల కేకలు. తీసిన తేదీ, సమయం ఫోన్లోనే ఉన్నాయి. ఎక్కడ తీశావని అడిగితే జీపీఎస్ అంకెలు కూడా చూపించాడు, చేపలు దొరికిన చోటు గుర్తుకోసం వాళ్లు రాసుకుంటారట. ఇలాంటివి ఇంకా ఉన్నాయా అన్నాను.

"శానా ఉన్నాయన్నా. ఊర్లో అందరి ఫోన్లలోనూ ఉంటాయి. ఎవలకి పంపాలో తెల్దు గానీ."

ఒక నోటుబుక్కు తీసి గీతలు గీశాం. తేదీ, టయిము, ఒడ్డు నుంచి ఎంత దూరం, ఎన్ని, పిల్లలున్నాయా, వీపు మీద గూనుందా, ఎగిరాయా, వల్లో పడ్డాయా, పడితే బతికించి వదిలారా. ఆఖరి గడి దగ్గర తాత అడ్డం వచ్చి, అప్పుడు నీళ్లలో ఏ చేప ఉందో కూడా రాయమన్నాడు. కవళ్లా, కానాగంతలా, నెత్తళ్లా అన్నది తెలియకపోతే అవి ఎందుకొచ్చాయో తెలీదన్నాడు. నాకు తట్టని గడి అది. మనవడు దాన్నీ చేర్చి, ఫోన్లోని మొదటి వీడియో వివరాలు ఎక్కించడం మొదలుపెట్టాడు.